ఆరూ కాదు, ఆరున్నరా కాదు

గుంటూరులో ఎవరికన్నా నేను డీజేని అని చెప్తే ఫస్ట్ వచ్చే ప్రశ్న "బాక్సులెన్ని?" అని. రెండోది "జనరేటర్ మీదేనా, మేం చూస్కోవాలా?" అని. ఇక్కడ డీజే అంటే మనిషి కాదు, లారీ. వినాయకుడి నిమజ్జనానికో పెళ్లి ఊరేగింపుకో లారీ మీద బాక్సులు కట్టి కిటికీ అద్దాలు అదిరేలా కొట్టుకుంటా పోయేదాన్ని డీజే అంటారు. నేను వేసేది టెక్నో అండీ, దాంట్లో హీరో ఉండడు, పల్లవి ఉండదు, ఏడెనిమిది నిమిషాలు ఒకే దరువు నడుస్తా లోపల చిన్న చిన్నవి మారతా ఉంటాయి అని చెప్తే మా బ్రాడీపేట ఫ్రెండ్సే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. సర్లే, వాళ్లని ఒప్పించడం ఈ జన్మలో అయ్యేది కాదు. ఈ పోస్టు ఇంట్లో ఒక చిన్న కంట్రోలర్ (పాటలు కలిపే మెషీన్) పెట్టుకుని రెండు ట్రాకులు కలపడానికి కుస్తీ పడే వాళ్ల కోసం, అంటే గుంటూరు, బెజవాడ రెండూళ్లూ కలిపితే ఒక పదిమంది ఉంటారేమో.

పోయిన డిసెంబర్లో కాజ టోల్‌ప్లాజా దగ్గర్లో ఒక ఫామ్‌హౌస్‌లో మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్లు కలిశారు. ముప్పై మంది, రెండు టాప్‌లు, ఒక సబ్ ఊఫర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా డీడీజే-400. బిర్యానీ అయ్యాక ఒక గంట నాకిచ్చారు, ఆ గంట కోసం నెల రోజులు ప్లేలిస్ట్ కట్టా. అంతా లెక్క ప్రకారమే. రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ ఏ ట్రాక్ పక్కన ఏ కీ (అంటే పాట శ్రుతి, 8ఏ లాంటి కోడ్‌తో) చూపిస్తే దాని ప్రకారం వరసగా పేర్చా, 8ఏ పక్కన 8ఏ, తర్వాత 9ఏ, ఆకుపచ్చ వెలిగితే చాలు మనం సేఫ్ అనుకునే రకం. నాలుగో ట్రాక్ 132 బీపీఎం (అంటే నిమిషానికి 132 దెబ్బలు), 8ఏ. ఐదోది 128 బీపీఎం, అదీ 8ఏనే. ఐదోదాన్ని టెంపో ఫేడర్ తోసి 132కి తెచ్చా, హెడ్‌ఫోన్స్‌లో కిక్ మీద కిక్ పడింది, గుర్రం డెక్కల చప్పుడు లేదు, ఇంకేం కావాలి. పైగా మాస్టర్ టెంపో (స్పీడు మారినా శ్రుతి మారకుండా పట్టుకునే బటన్) ఆఫ్‌లో పెట్టా. ఎందుకంటే అది ఆన్ చేస్తే కిక్ పల్చబడిద్దని, అసలైన వాళ్లు రికార్డుల మీద అలాగే వాయించారని ఎక్కడో విని బుర్రకి ఎక్కించుకున్నా.

రెండూ కలిపి ఒక నిమిషం నడిపానండి. ఆ నిమిషం నా జీవితంలో చాలా పొడుగు నిమిషం. కొట్టుడు కరెక్ట్‌గానే ఉంది కానీ ఏదో తేడా, ఆకలితో కడుపులో తిప్పినట్టు, బేస్ ఒకసారి ఉబ్బుద్ది ఒకసారి ఎండిపోద్ది, అదీ దరువుతో సంబంధం లేకుండా. మావాడొకడు డాన్స్ ఆపేసి సబ్ దగ్గరికెళ్లి వంగి చెవి పెట్టి "ఒరే కోను చిరిగినట్టుందిరా" అన్నాడు. నేనూ నమ్మేశా. కేబుల్ ఊడదీసి మళ్లీ గుచ్చా, గెయిన్ తగ్గించా, చివరికి నాలుగో ట్రాక్ వాల్యూమ్ ఫేడర్ కిందికి లాగేసరికి అంతా మామూలైపోయింది. కోను చిరిగితే అలా బాగవదు కదా. అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు ఇంట్లో రికార్డింగ్ పెట్టుకుని అదే నిమిషాన్ని పదిసార్లు వింటున్నా. మా పెదనాన్న పక్క గదిలో పేపర్ చదువుకుంటున్నారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి, నలభై ఏళ్లు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించారు, తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట, ఎక్కడ తిరనాళ్లుంటే అక్కడ, తెల్లారేదాకా. ఇప్పుడు మోకాళ్ల వల్ల మానేశారు. ఆయన గుమ్మంలోకొచ్చి "ఏరా, ఆ రెండోవాణ్ణి ఎవరు రమ్మన్నారు?" అన్నారు.

"రెండోవాడెవరు పెదనాన్నా?"

"ఇంకో పాట వచ్చి చేరింది కదా. వాడి శ్రుతి వేరే."

నేను ల్యాప్‌టాప్ తిప్పి చూపించా, రెండూ ఒకటే శ్రుతి, ఇదిగో 8ఏ, ఇదీ 8ఏ అని. ఆయన స్క్రీన్ వంక చూడను కూడా చూడలేదు. మంచం కింద నుంచి చేతి పెట్టె లాగి, దుమ్ము దులిపి, ఎడం చేత్తో తిత్తి ఊదుతా ఆరు శ్రుతి మెట్టు నొక్కి పట్టారు. నాలుగో ట్రాక్ మీద సరిగ్గా అతికింది. ఐదోది వచ్చేసరికి ఆరు కలవలేదు. పక్కనున్న నల్ల మెట్టు, ఆరున్నర నొక్కారు, అదీ కలవలేదు. రెండు మూడు సార్లు అటూ ఇటూ నొక్కి వేలు తీసేశారు. "వీడు ఆరూ కాదు, ఆరున్నరా కాదు. వీడి శ్రుతి నా పెట్టెలో లేదురా" అన్నారు.

ఇక్కడ లెక్క చెప్తా, కొంచెం ఓపిక పట్టండి, మొత్తం పోస్టుకి ఇదే గుండెకాయ. రికార్డుని స్పీడుగా తిప్పితే గొంతు పైకెళ్తది, మనందరికీ తెలుసు, చిన్నప్పుడు టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ స్పీడ్ చేసి ఎలుక గొంతులు విన్నోళ్లమే. ఎంత స్పీడుకి ఎంత పైకి? ఒక మెట్టు, అంటే పెట్టె మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం, ఆరు నుంచి ఆరున్నర, దానికి దాదాపు 5.95 శాతం స్పీడు పెరగాలి. ఆ లెక్కన 6 శాతం తోస్తే శుభ్రంగా ఒక మెట్టు పైకెళ్లి కూర్చుంటది. నేను 128ని 132 చేశా, అది 3.1 శాతం. అంటే సగం మెట్టు, ఇంకొంచెం ఎక్కువ. పెదనాన్న చెప్పింది మాటవరసకి కాదు, అక్షరాలా నిజం, ఆ శ్రుతికి పెట్టెలో మెట్టు లేదు. సాఫ్ట్‌వేర్ నాకు చూపించిన 8ఏ ట్రాక్ మామూలు స్పీడులో ఉన్నప్పటిది, నేను ఫేడర్ తోశాక దాని మాట చెల్లదు.

బేస్ ఉబ్బడం ఎండిపోవడం కూడా దీంట్లోనే ఉంది. 8ఏ అంటే 'ఏ' మైనర్ (పెదనాన్న లెక్కలో ఆరు), కింద బేస్ 'ఏ' నోట్ 55 హర్ట్జ్ దగ్గర ఉంటది. దాన్ని 3.1 శాతం పెంచితే 56.7. ఇవి రెండూ ఒకే సబ్ లోంచి వస్తే ఒకదాన్నొకటి సెకనుకి దాదాపు 1.7 సార్లు పెంచుకుంటా తుంచుకుంటా ఉంటాయి. తంబూరా శ్రుతి చేసేటప్పుడు తీగ దగ్గరికొచ్చీ కలవనప్పుడు "వుంయ్ వుంయ్" అని ఊగుద్ది చూడండి, అదే. 132 బీపీఎంలో కిక్కులు సెకనుకి 2.2. ఊగేది ఒక లెక్క, కొట్టేది ఇంకో లెక్క, అందుకే కడుపులో తిప్పినట్టు అనిపించింది. పాపం ఆ కోనుకి ఏమీ కాలేదు. పైన సింథులూ వోకల్సూ కొంచెం తేడాగా ఉన్నా జనం క్షమిస్తారు, టెక్నోలో అసలు శ్రుతి ఉండేది కిందనే, కిక్ తోకలో, ఆ రంబుల్‌లో, అది రెండు ట్రాకుల నుంచి ఒకేసారి వస్తే గది మొత్తం చెప్పేస్తది.

అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది, దాన్నీ చెప్పేస్తా, మీరు పడకుండా ఉంటారు. ఒకదాన్నే 128 నుంచి 132 దాకా ఎందుకు లాగాలి, రెండింటినీ 130 దగ్గర కలిపితే చెరి సగం పంచుకుంటాయి కదా అని. చేసి చూశా, అచ్చం అదే కంపు. ఒకటి పావు మెట్టు పైకెళ్లింది, ఇంకోటి పావు మెట్టు కిందికొచ్చింది, మధ్య దూరం ఎక్కడికి పోద్ది? రెండు టెంపోల నిష్పత్తి ఎంతో ఆ తేడా అంతే, ఎక్కడ కలిపినా మారదు. ఇది తెలిసిన రోజు నా మీద నాకే నవ్వొచ్చింది.

మరి ఏం చెయ్యాలి అంటే మూడు దార్లు. మాస్టర్ టెంపో ఆన్ చెయ్యడం మొదటిది, స్పీడు మారినా శ్రుతి కదలదు. కిక్ పల్చబడిద్ది అనేది అబద్ధం కాదు గానీ 2, 3 శాతానికి ఫామ్‌హౌస్‌లో బిర్యానీ తిన్న ముప్పై మందికి తెలిసేంత కాదు. 8, 10 శాతం లాగితే మాత్రం హై-హ్యాట్లు నీళ్లలో నానినట్టు అవుతాయి, అది నేనే భరించలేను. రెండోది, అసలు టెంపోలు దగ్గర్లో ఉన్న ట్రాకులే పక్కపక్కన పెట్టుకోవడం. 1 శాతం అంటే మెట్టులో ఆరో వంతు, 132 దగ్గర ఒక బీపీఎం పైచిలుకు, అంతవరకు ఎవరికీ పట్టదు, నా చెవికి 2 దాటితే వాసన మొదలవుద్ది. మూడోది నాకు బాగా నచ్చింది. అది ఆ రోజే మంచం మీద కూర్చుని కనిపెట్టాం, అంటే ప్రపంచానికి ఎప్పట్నుంచో తెలిసిందే, మాకు కొత్త.

పెదనాన్న ఆరున్నర మెట్టు నొక్కి పట్టుకున్నారు. నేను 128 ట్రాక్ వేసి మాస్టర్ టెంపో ఆఫ్‌లోనే ఉంచి ఫేడర్ మెల్లగా తోస్తున్నా. ఒక శాతం, రెండు, మూడు దగ్గర ఆయన మొహం పులుపు తిన్నట్టు అయిపోయింది, నాలుగు, "ఇంకా", ఐదు, "వస్తున్నాడు వస్తున్నాడు", 5.4 దగ్గర చెయ్యెత్తి "ఆపు!" అన్నారు. నేను 5.9 దాకా ఆగాలి కదా అంటే, ఆరున్నర రీడు కొంచెం దిగింది, రిపేరుకిచ్చి పదేళ్లైంది అని నవ్వారు. ఆ తేడా కూడా ఆయనకి తెలుసు! అయినా సంగతి తేలిపోయింది. 128 ట్రాక్‌ని 135.6 చేస్తే ఒక మెట్టు పైకెళ్లి శుద్ధంగా ఇంకో కీలో ఉంటది. అంటే సెట్ చివర్లో 135, 136 దగ్గర నాకు 8ఏ ట్రాక్ కావాలంటే, 128లో 1ఏ ఉన్నదాన్ని తీసుకుని తోసేస్తే సరిపోద్ది, మాస్టర్ టెంపో అక్కర్లేదు, కిక్ బిగుతుగా ఉంటది, పైగా స్పీడు పెంచిన రికార్డుకి ఒక చురుకు వచ్చుద్ది, అది స్ట్రెచింగ్‌లో రాదు. టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ 1972లో వచ్చింది, 1979లో వచ్చిన ఎంకే2కి పొడుగు స్లైడర్ పెట్టారు, అటు 8 శాతం ఇటు 8 శాతం. అంటే ఒక మెట్టు పైన ఇంకో మూడో వంతు దాకా జరపొచ్చు. దాని మీద కీ లాక్ గీ లాక్ ఏం లేవు, అప్పటి డీజేలందరూ చెవితోనే చేశారు, పెదనాన్న చేసినట్టే.

1ఏ, 8ఏ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. క్యామెలాట్ చక్రం అని మార్క్ డేవిస్ అనే ఆయన పెట్టిన పద్ధతి, మిక్స్‌డ్ ఇన్ కీ సాఫ్ట్‌వేర్ వాడేది దీన్నే. గడియారంలా 12 అంకెలు, అంకె పక్కన ఏ ఉంటే మైనర్, బి ఉంటే మేజర్. అంకె ఒకటి జరిగితే మన లెక్కలో షడ్జమం నుంచి పంచమానికో మధ్యమానికో వెళ్లినట్టు. 8ఏ నుంచి 9ఏకి వెళ్తే ఏడు స్వరాల్లో ఒక్కటే మారుద్ది, అందుకే నొప్పి తెలీదు. 8ఏ, 8బి అంటే స్వరాలన్నీ అవే, ఆధార షడ్జమం మారుద్ది. ఇది పెదనాన్నకి చెప్పబోతే సగంలో ఆపి "శంకరాభరణం, నఠభైరవి. గ్రహభేదం. దీనికి గడియారం ఎందుకురా" అన్నారు. ఒక మెట్టు పైకెక్కాలంటే మాత్రం అంకెకి 7 కలపాలి, 1 నుంచి 8 అలా వచ్చిందే. ఒకటి నుంచి ఎనిమిదికి దూకితే ఎక్కువ దూరం అనిపిస్తది గానీ పెట్టె మీద పక్క మెట్టే.

నాటకాల వాళ్ల లెక్క ఇంకా సింపుల్. ఒకటి అంటే సి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు అలా ఏడు దాకా, మూడున్నర ఉండదు ఎందుకంటే ఇ, ఎఫ్ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి. నేనిప్పుడు నా ట్రాకుల కామెంట్ కాలమ్‌లో "6", "4.5" అని శ్రుతి కూడా రాసుకుంటున్నా. నవ్వుకోండి పర్లేదు.

సాఫ్ట్‌వేర్‌ని మరీ తిట్టను గానీ, టెక్నో దగ్గర అది తడబడుద్ది, దాని తప్పు కూడా కాదు. ఉత్త కిక్, హ్యాట్, ఒక ఇనుప చప్పుడు ఉన్న ట్రాక్‌కి కీ ఏముంటది? అయినా కాలమ్ ఖాళీగా ఉంచదు, ఏదో ఒకటి రాస్తది. కిక్ చూస్తే పైనుంచి కిందికి జారతా దిగుద్ది, అది జారే చోట శ్రుతి చెప్పమంటే ఎవరు చెప్తారు. ఇంకోటి, చీకటి చీకటిగా ఉండే టెక్నోలో సా పక్కనే శుద్ధ రిషభం వాడటం ఇష్టం, ఫ్రిజియన్ అంటారు, స్వరాలు చూస్తే మన తోడివి. ఇ మీద సా పెట్టి అలా వాయిస్తే స్వరాల లిస్టు 'ఏ' మైనర్ లిస్టే, లిస్టు చూసి 8ఏ అనుకోవచ్చు, కానీ బేస్ వచ్చి కూర్చునేది ఇ మీద. అందుకే ట్రాక్ లైబ్రరీలో వేసుకునేటప్పుడే ఒకసారి పెట్టె మీదో ఫోన్లో పియానో యాప్ మీదో బేస్ నోట్ పట్టుకుని చూస్కోండి. ట్రాక్‌కి అర నిమిషం పని.

టెంపో సంగతి తొందరగా చెప్పేస్తా, దాని మీద అందరూ రాసేశారు. మెషీన్ల మీద చేసిన ట్రాకులకి గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ గీసే దరువు గీతలు) కదలదు కాబట్టి సింక్ (టెంపో దానంతటదే కలిపే బటన్) నొక్కినా మునిగిపోయేదేం లేదు, అది మోసం అనేవాళ్లతో నాకు గొడవ లేదు. కానీ చెవితో చేస్తే 0.1 తేడా ఎంతో చూడండి, 135 దగ్గర ఒక్క బీటు 444 మిల్లీసెకన్లు, 0.1 బీపీఎం తేడా ఉంటే నిమిషంలో 44 మిల్లీసెకన్లు జారిపోద్ది, అప్పటికి రెండు కిక్కులు "డ-డబ్" అని విడిపోతాయి. జాగ్‌వీల్ మీద చెయ్యి ఊరికే ఉండకూడదు. అదే లైవ్‌లో మనుషులు వాయించిన పాత పాటలు కలపాలంటే గ్రిడ్ అడుగడుక్కీ తప్పుద్ది, తబలా ఆయన ఉత్సాహంలో చరణం చివర స్పీడ్ పెంచేస్తాడు. పెళ్లి సంగీత్‌లో అది కలపమని అడిగినవాళ్లకి నా దణ్ణం.

అసలు నా మిక్సింగ్ మార్చింది మాత్రం ఆ రోజు సాయంత్రం టీ తాగుతా పెదనాన్న చెప్పిన మాట. నేనడిగా, నాటకంలో కృష్ణుడు వేషం ఆయనది ఒక శ్రుతి, అర్జునుడిది ఇంకో శ్రుతి ఉంటది కదా, ఇద్దరూ ఒకే సీన్లో ఉంటే మీరెలా వాయించేవాళ్లు అని. "మాటలు నడుస్తున్నప్పుడు మార్చేస్తాం. వచనానికి శ్రుతి అక్కర్లేదు. వాడు మాట్లాడుతుండగా ఈ లోపల కొత్త శ్రుతి చిన్నగా పట్టి ఉంచుతాం, వాడి చెవికి తగిలేలా, జనానికి తెలీకుండా. వాడు పద్యం ఎత్తుకునేసరికి ఇల్లు సర్ది ఉంటది. పద్యం మధ్యలో మారిస్తే చెప్పులు పడతాయి."

కాజ దగ్గర నేను చేసింది సరిగ్గా అదే, పద్యం మీద పద్యం పెట్టా. టెక్నోలో వచనం ఎంత ఉంటదో! మొదటి 32 బార్లు (బారుకి నాలుగు దెబ్బలు) ఉత్త దరువే, చివరి 32 బార్లు మళ్లీ దరువే, ఆ ప్రొడ్యూసర్లు అది మనకోసమే వదిలిపెట్టారు. ఇప్పుడు కీలు కలవని ట్రాకులున్నా భయం లేదు, వెళ్లేవాడి మెలొడీ అయిపోయి ఉత్త హ్యాట్లు నడిచేటప్పుడు వచ్చేవాడి దరువు కలుపుతా, వచ్చేవాడి బేస్ ఈక్యూలో (బేస్ పెంచి తగ్గించే నాబ్‌తో) పూర్తిగా కోసి ఉంచి, 16 బార్లు అయ్యాక ఒకే బీటు మీద దీని బేస్ తీసి దాని బేస్ ఇస్తా. రెండు బేస్‌లు ఒక్క క్షణం కూడా కలిసి ఉండవు, ఇక ఊగడానికి ఏముంది. కీలు కలిసిన చోట మాత్రం మొహమాటం లేకుండా రెండు మెలొడీలూ ఒకదాని మీద ఒకటి నిమిషాలు నిమిషాలు నడిపిస్తా. టెంపో పెంచాల్సింది కూడా ఈ వచనంలోనే, ట్రాక్‌కి ఒకటో రెండో బీపీఎం.

మధ్యలో ఆయన ఇదంతా ఎవరు పుట్టించార్రా అనడిగారు. డెట్రాయిట్ అని అమెరికాలో ఊరు, 1980ల్లో వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అని ముగ్గురు కుర్రాళ్లు, అది కార్ల ఫ్యాక్టరీల ఊరు అని చెప్పా. "అంటే ఆటోనగర్ పిల్లలన్నమాట" అన్నారు. బెజవాడ ఆటోనగర్లో మధ్యాహ్నం పూట ఒక వీధి మొత్తం సుత్తులు కొట్టే చప్పుడు విన్నవాళ్లకి దీనికన్నా మంచి వివరణ నేనివ్వలేను.

మొన్న మార్చిలో బెజవాడలో, మొగల్రాజపురంలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద రెండో సెట్ వేశా. 128 నుంచి 136 దాకా, గంటా పది నిమిషాలు, రాత్రి పదికల్లా ఆపేశా, కింద వాళ్ల అమ్మమ్మగారు పడుకుంటారని. ఒక్కళ్లు కూడా సబ్ దగ్గరికెళ్లి చెవి పెట్టలేదు. రికార్డింగ్ పెదనాన్నకి వాట్సాప్ చేశా. ఆయన పూర్తిగా వింటారనుకోలేదు. మర్నాడు పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల కాఫీ గ్లాసు చప్పుడు.

"నలభై రెండో నిమిషం దగ్గర పంచమం పట్టావు చూడు, అది బాగుందిరా. మరి ఆ తర్వాత ఒక నిమిషం డగ్గా వినపడలేదు. వాయించేవాడు టీకి వెళ్లాడా?"

వెళ్లి చూస్తే నిజమే. ఇటు బేస్ తీశా, అటు బేస్ ఇవ్వడం మర్చిపోయా.